వీధివర్తకుని కేక

2024 జూలై 1వ తేదీన భారతీయ న్యాయసంహిత దేశమంతట అమలులోనికి వచ్చినది. 1860లో దొరలు వ్రాసిపెట్టిన శిక్షాస్మృతి తొలగినదనియు, దాస్యచిహ్న మొకటి చెరిగినదనియు పెద్దలు వేదికలెక్కి చెప్పుచున్న ఆ దినముననే, న్యూఢిల్లీ రైలుస్టేషను సమీపమున దారిలో బండి నిలిపి నీళ్ళసీసాలు, బీడీలు, పొగాకు అమ్ముకొనుచున్న ఒక చిల్లరవర్తకునిపై నూతన సంహితలోని 285వ సెక్షను క్రింద కేసు నమోదైనది. త్రోవకు అడ్డు కలిగించుట అతని నేరము. దేశములో ఇదియే మొదటి కేసని పత్రికలు వ్రాసినవి. అది మొదటిది కాదనియు, గ్వాలియరులో మోటారుసైకిలు దొంగతనమును గూర్చి అంతకు పూర్వమే ఒక కేసు నమోదైనదనియు, వర్తకునిపై పెట్టిన కేసును పోలీసులే పునఃపరిశీలించి కొట్టివేసిరనియు హోంమంత్రి అమిత్ షాగారు అదే దినమున ప్రకటించిరి. మంచిదే. కాని పాతస్మృతిలో 283వ సెక్షను క్రింద ఈ నేరమునకు గరిష్ఠ జరిమానా 200 రూపాయలుండగా కొత్త సంహితలో అది 5000 రూపాయలైనది. తోపుడుబండివానికి ఈ మొత్తము ఎన్నినాళ్ళ సంపాదనయో లెక్కకట్టిన తరువాతనే ఈ అంకెను వేసిరా అని మా సందేహము.

వీధివర్తకుడు నిలుచుటకు చోటును గూర్చి మన పత్రికలలో అప్పుడప్పుడు చర్చ జరుగుచునే యున్నది. మేము నేడు వ్రాయదలచినది దానికి చేరువనున్న మరియొక విషయము. నిలుచుటకు చోటు దొరకినంత మాత్రమున వర్తకము సాగదు. తన వద్ద ఫలానా సరకు కలదనియు, ధర ఇంత యనియు నలుగురికి తెలియజేయవలెను. దుకాణదారునకు అద్దపుతలుపులు, దీపాలంకారములు, పత్రికలలో ప్రకటనలు గలవు. వీధివర్తకునకు గలవి గొంతు, గంట, బండిమీద వ్రేలాడు అట్టముక్క, ఈ మధ్య వచ్చిన చేతిమైకు. వీనిని అతడెంతవరకు వాడుకొనవచ్చును? ఎవరి అనుమతితో? ఏ రుసుముతో? ఈ ప్రశ్నలకు మన పురపాలక సంఘములలో నెన్ని లిఖితరూపమున సమాధానము చెప్పగలవో చదువరులు తమ పట్టణమున విచారించి చూడవలెనని కోరుచున్నాము.

వీధికేక చిన్న విషయమని తలచువారు కొంచెము చెవియొగ్గి వినవలెను. తెల్లవారకమునుపే ఆకుకూరలగంప నెత్తిన పెట్టుకొని వచ్చు అవ్వ తోటకూర, గోంగూర, చుక్కకూర అని పిలుచు పిలుపులో ఒక్కొక్క కూరకు ఒక్కొక్క సాగదీత గలదు. వంటింటిలోని ఇల్లాలు పేరు స్పష్టముగ వినబడకున్నను ఆ సాగదీతనుబట్టియే ఏ కూర వచ్చినదో గుర్తించును. పీచుమిఠాయివాడు నోరు తెరువనక్కరలేదు, గంట చాలును. పుల్లఐసువాడు డబ్బామూత తట్టును. కత్తులు సానపట్టువాని చక్రపుధ్వని, దూదేకులవాని నారిమ్రోత, పాతపేపర్లవాని ముక్కుతో పలుకు స్వరము, సాయంకాలము మల్లెపూల గంపవాని మెల్లని పిలుపు, ఇవి యన్నియు ప్రకటనలే. ఇవి అచ్చుకెక్కవు, వీనికి ఖర్చు లేదు, చదువురానివారికి సహితము అర్థమగును, పిలుపు దాటిపోయిన మరుక్షణమున గోడమీదగాని చెట్టుమీదగాని ఏ మచ్చయు మిగులదు. ఇంతకంటె నిరపాయమైన ప్రకటన మరియొకటి మాకు తోచుటలేదు.

దీనిని నేరముగ చూచుట మనకు పరప్రభుత్వము నేర్పిన పాఠము. 1861 నాటి పోలీసు చట్టపు 34వ సెక్షను పట్టణవీధులలో చేయరాని పనులను వరుసగ పేర్కొనుచు, పశువులను హింసించుట, త్రాగి అల్లరిచేయుట మొదలగువాని నడుమ సరకును అమ్మకమునకు పరచుటను కూడ చేర్చినది. ఇతరులకు అడ్డు, ఇబ్బంది కలిగినచో శిక్ష 50 రూపాయల వరకు జరిమానా, లేదా ఎనిమిది దినముల వరకు ఖైదు. ఆ చట్టము ముఖ్యముగ ఉత్తరదేశమునకు సంబంధించినది. మదరాసు రాజధానిలోని మన జిల్లాలకు 1859 నాటి వేరు పోలీసు చట్టమును, తరువాత 1889లో పట్టణములలోని ఉపద్రవములను అణచుటకై చేసిన చట్టమును ఉండెను. నైజాము రాజ్యమున హైదరాబాదు నగరమునకు ఫసలీ 1348 నాటి పోలీసు చట్టము. ప్రభువులు వేరైనను వీధినిగూర్చిన భావ మొక్కటియే. వీధి దొరగారి బండి పోవుటకు. తక్కినవారు ప్రక్కకు తప్పుకొనవలెను. ఊరివారికి వీధియనగా అంగడి, సంత, పండుగ, పంచాయితీ అన్నియు జరుగుచోటు అన్న సంగతి ఆ చట్టములు వ్రాసిన గుమాస్తాలకు తెలియదు, తెలిసినను అక్కరలేదు.

స్వాతంత్ర్యోద్యమ దినములలో మన పెద్దలు ఈ వీధికేకనే ఆయుధముగ చేసికొనిరి. ఖద్దరుమూటలు భుజమున పెట్టుకొని ప్లీడర్లు, ఉపాధ్యాయులు ఇంటింటికి, వీధివీధికి తిరిగి అమ్మిరి. 1930లో తీరపుజిల్లాలలో వండిన ఉప్పును చిన్నపొట్లములు కట్టి నడిబజారున కేకవేసి అమ్మినవారిని పోలీసులు లాఠీలతో కొట్టిరి. పన్నులేని ఉప్పు పొట్లమొకటి నేరమైనట్లే, అది కొనుడని వేసిన కేకయు నేరమైనది. అంతకుముందు 1921లో చీరాల పేరాల ప్రజలు తమకు వలదన్నను నెత్తిన రుద్దిన మునిసిపాలిటీని, దాని పన్నులను నిరాకరించి దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి రామనగరపు పాకలలో నెలలతరబడి కాపురముండిరి. పురపాలక సంఘమనగా ప్రజలకొరకు పుట్టవలసినదే గాని ప్రజలు దానికొరకు పుట్టలేదని చాటిన జాతి మనది. ఆ మాటను నేటి కౌన్సిలు సభ్యులకు జ్ఞాపకము చేయుట అనవసరమైయుండవలసినది.

స్వతంత్ర భారతమున న్యాయస్థానములు ఈ విషయమున స్పష్టముగనే పలికినవి. 1989లో సోదన్‌సింగ్ కేసున సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వీధిలో వర్తకము చేసికొనుట రాజ్యాంగపు 19వ అధికరణము క్రింద పౌరునకు గల వృత్తిస్వేచ్ఛలోనిదే యనియు, దానిపై సమంజసమైన కట్టుబాట్లు మాత్రమే పెట్టవచ్చుననియు, అయితే ఫలానా చోటనే కూర్చుండుటకు ఎవరికిని హక్కు లేదనియు తీర్పుచెప్పినది. కాలిబాటపై చిల్లరవర్తకుడు నిత్యావసరములను సరసమైన వెలకు అందించి బాటసారులకు మేలు చేయుచున్నాడని కూడ ఆ తీర్పు గుర్తించినది. 1995లో టాటా ప్రెస్ కేసున అదే న్యాయస్థానము వర్తకప్రకటన సహితము వాక్‌స్వాతంత్ర్యములో చేరునని నిర్ణయించినది. ఆ కేసు టెలిఫోను డైరెక్టరీలో పసుపుపచ్చ పుటలను అచ్చువేయు పెద్దసంస్థది. కాని న్యాయము పెద్దసంస్థకొకటి, పెసరట్ల బండికొకటి కాజాలదు. పసుపుపచ్చ కాగితముపై అచ్చైన ప్రకటన వాక్‌స్వాతంత్ర్యమైనప్పుడు, కంఠమెత్తి పిలిచిన పిలుపు మాత్రము ఉపద్రవమెట్లగును? ఈ రెండు తీర్పులను ఒకచోట చేర్చి చదివినచో, వీధివర్తకుని కేకలో వృత్తిస్వేచ్ఛ, వాక్‌స్వేచ్ఛ రెండును గలవని మా అభిప్రాయము.

ఇక 2014 నాటి వీధివర్తకుల జీవనోపాధి పరిరక్షణ చట్టము. ఆ యేడు మే 1వ తేదీనుండి అమలులోనున్న ఈ చట్టమును చదివినవారు అది ఎంత ఉదారమైనదో ఎరుగుదురు. ప్రతి పట్టణమున వర్తకుల సంఖ్యను అయిదేండ్లకొకమారు లెక్కింపవలెను. లెక్క పూర్తియై, అందరికి ధ్రువపత్రములు ముట్టువరకు ఎవరిని తొలగింపరాదు. పట్టణ జనాభాలో నూటికి రెండున్నరవంతు వరకు వర్తకులకు చోటు కల్పింపవలెను. అనగా 2011 జనగణన నాటికే పదిలక్షలు దాటిన విజయవాడవంటి నగరమున ఇరువదియైదువేలమందికి. కమీషనరు అధ్యక్షుడుగ ఏర్పడు పట్టణ వర్తకసంఘమున నూటికి నలుబదిమందికి తక్కువగాకుండ వర్తకులే ఎన్నికై యుండవలెను; వారిలో మూడవవంతు స్త్రీలు. తొలగింపవలసివచ్చిన ముప్పదిదినముల నోటీసు ఈయవలెను. సరకు స్వాధీనము చేసికొన్నచో జాబితా వ్రాసి సంతకముచేసి యిచ్చి, చెడిపోవు సరకును వర్తకుడు కోరిన నాడే, చెడిపోనిదానిని రెండు పనిదినములలో తిరిగి యీయవలెను. షరతులు మీరినందుకు జరిమానా 2000 రూపాయలకు మించరాదు. పత్రమునందలి షరతుల ప్రకారము వర్తించువానిని పోలీసులుగాని మరెవ్వరుగాని మరే చట్టము పేరనైనను అడ్డుకొనరాదని 27వ సెక్షను శాసించుచున్నది.

ఈ సెక్షనులను ఇంత విపులముగ ఎత్తివ్రాయుటకు కారణము గలదు. టమాటాలబుట్టను లారీలోనికి విసరివేయుచుండగా చూడనివారు మనలో నెవరు? ఆ బుట్టకు జాబితా ఎవరైన వ్రాసిరా? సంతకముచేసి యిచ్చిరా? సాయంకాలమునకు టమాటాలు తిరిగివచ్చినవా?

అయినను ఇంత మంచి చట్టమునందును మనమెత్తుకొన్న విషయమునకు ప్రత్యేకమైన సెక్షను లేదు. బండిమీద ఎంతటి పలక ఉండవచ్చును, కేకకు గంటకు హద్దేమి, కరపత్రము పంచవచ్చునా అన్నవి ఆయా రాష్ట్రముల, పట్టణముల నిబంధనలకు, ధ్రువపత్రముపై వ్రాయు షరతులకు వదలివేయబడినవి. మంచి కౌన్సిలు చేతిలో ఇది సౌకర్యము. నిర్లక్ష్యపు కౌన్సిలు చేతిలో ఇది శూన్యము. శూన్యమున్న చోట పారిశుధ్యపు ఇన్‌స్పెక్టరుగారి నోటిమాటయే శాసనమగును.

గోడమీద కాగితమంటించుటకు, దారిలో బోర్డు నిలుపుటకు స్థానికసంస్థ వ్రాతమూలకమైన అనుమతి కావలెనని పురపాలక చట్టములు చెప్పుచున్నవి. బహిరంగప్రదేశములను వికారము చేయరాదని 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేకముగ చట్టమే చేసినది. ఈ నియమములలో తప్పులేదు. తప్పు వానిని వాడు పద్ధతిలో నున్నది. అనుమతికై దరఖాస్తు, నకలు, కొలతలపటము, రుసుము, కంప్యూటరులో నమోదు కావలెను. ప్రకటనల కంపెనీకి ఈ పనికై జీతగాండ్రు గలరు. మిరపకాయబజ్జీల బండివాడు ఒక పూట పొయ్యి ఆర్పి కచేరీచుట్టు తిరిగినచో ఆ పూట పస్తే. అందుచేత పెద్దబోర్డులవారు నియమమును తీర్చుకొని నియమమును మీరుదురు. చిన్నవాడు నియమము తీర్చుకొనలేక నేరస్థుడగును.

పెద్దబోర్డు నియమము మీరిన ఫలమేమో 2024 మే 13వ తేదీన బొంబాయిలోని ఘాట్కోపరులో చూచితిమి. గాలివానకు కూలి పెట్రోలుబంకుమీద పడిన ఆ హోర్డింగు నూటయిరువది అడుగుల పొడవు, నూటయిరువది అడుగుల వెడల్పు. ఆ నగరమున పురపాలక సంఘము అనుమతించు గరిష్ఠపు కొలత నలుబదికి నలుబది. పదునేడుగురు మరణించిరి. మా అనుమతి తీసికొనలేదని పురపాలక సంఘము చెప్పినది. అది నిలిచినది రైల్వేపోలీసుల ఆధీనములోని స్థలము. అంతకుముందు 2019 సెప్టెంబరులో చెన్నపురిలో ఒక రాజకీయనాయకుని ఇంటి పెండ్లికి రోడ్డుపై కట్టిన ఫ్లెక్సీ మీదపడి, స్కూటరుపై పోవుచున్న ఇరువదిమూడేండ్ల యువతి లారీక్రింద నలిగి ప్రాణము విడిచినది. మన పట్టణములలో నాలుగురోడ్ల కూడలిని చూడుడు. నాయకుల జన్మదిన శుభాకాంక్షలు, విద్యాసంస్థల ర్యాంకులు, బంగారుదుకాణముల వధువులు కలిసి ట్రాఫిక్ దీపమును కూడ కప్పివేయుచుండును. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధింపనున్నట్లు విశాఖపట్టణమున ప్రకటించినది. నిషేధము వెలువడిన తరువాత ఫ్లెక్సీలు ఎంత తగ్గినవో మీమీ కూడళ్ళే సాక్ష్యము. వీనిలో నెన్నింటిని విప్పించిరో తెలియదుగాని, వాని నీడన నిలిచిన జామకాయల బండికి కట్టిన ‘కిలో యాబది’ అను అట్టముక్కను మాత్రము లాగివేయుటకు సిబ్బంది ఎల్లప్పుడు సిద్ధముగ నుందురు.

ఇంకొక చిత్రము గమనింపదగినది. ఆ బండిపై నీడకై నిలిపిన గొడుగుమీద శీతలపానీయపు కంపెనీ పేరు గలదు. డబ్బు చెల్లించుటకు పెట్టిన పలకమీద చెల్లింపు కంపెనీ పేరు గలదు. బండికి ముందుభాగమున మొబైలు కంపెనీ రంగు. వర్తకుని పేరు మాత్రము ఎక్కడను లేదు. 2020 జూనులో కేంద్రప్రభుత్వము వీధివర్తకులకు పదివేల రూపాయల అప్పుతో ఆరంభించిన స్వనిధి పథకము, అప్పుతోపాటు ఈ చెల్లింపు పలకలను కూడ బండిబండికి చేర్చినది. అది ఉపకారమే, వడ్డీవ్యాపారి పాలబడి రోజువడ్డీకి తెచ్చుకొనువానికి ఆ పదివేలు ప్రాణాధారము. కాని లక్షలకొలది బండ్లను పెద్దకంపెనీలు కాణీ ఖర్చులేని ప్రకటనబల్లలుగ వాడుకొనుచుండగా ఏ పురపాలక సంఘమైనను వారిని రుసుమడిగినదా? అడిగినచో దానిలో వర్తకునికి రావలసిన పాలెంత? ఇది మా వేళాకోళము కాదు. లెక్కకట్టవలసిన విషయమే.

వర్తకుల పక్షము వహించి వ్రాయుచున్నామని వారి తప్పులను కప్పిపుచ్చము. చేతిమైకు వచ్చిన తరువాత వీధికేక స్వరూపము మారిపోయినది. పూర్వము గొంతు అలసినప్పుడు కేక ఆగెడిది. ఇప్పుడు ఒకమారు పలికించిన పలుకు యంత్రములో చేరి ఆటోపై నెక్కి, ‘నాలుగు కిలోలు నూరురూపాయలు’ అని ఉదయమునుండి రాత్రివరకు అలుపులేక మ్రోగుచుండును. ఉల్లిపాయల ఆటో పోవునంతలో కుక్కర్లు బాగుచేయు ఆటో, దానివెనుక పాతసామానుల ఆటో. పరీక్షకు చదువుకొను బాలుడు, రాత్రిపని చేసివచ్చి పండుకొన్న కార్మికుడు, ఆసుపత్రిలో రోగి వీరికి వినకుండు స్వాతంత్ర్యము లేదా? 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు ఈ విషయమున బొత్తిగ స్పష్టముగ నున్నవి. ధ్వనివర్ధకమును అధికారుల లిఖితానుమతి లేనిదే వాడరాదు. రాత్రి పదిగంటలనుండి ఉదయము ఆరుగంటలవరకు బహిరంగముగ వాడనేరాదు. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టు నూరుమీటర్ల మేర నిశ్శబ్దప్రాంతముగ పరిగణింపవలెను. నివాసప్రాంతమున పగటివేళ ధ్వని 55 డెసిబెల్సు, వాణిజ్యప్రాంతమున 65 మించరాదు. మైకులేని గొంతుకు మాత్రము ఈ అనుమతి నియమము లేదు. గొంతునకును యంత్రమునకును గల ఈ భేదమును మన వర్తకసంఘములు తామే గ్రహించి తమవారికి బోధించుట మేలు. అవ్వ గంపకు దొరకు సానుభూతిని మైకుఆటో చెడగొట్టుచున్నది. దానివలన విసిగిన గృహస్థుడు వ్రాసిన ఫిర్యాదుకు మొదట గురియగునది ఆటోకాదు, పారిపోలేని అవ్వయే.

కాలిబాటనంతయు ఆక్రమించి ముసలివారిని, అంధులను బస్సులనడుమకు నెట్టు బండ్లను కూడ మేము సమర్థింపము. నడచువానికి త్రోవ మిగిల్చి నిలుచుట వర్తకునికి మర్యాదయే కాదు, లాభము కూడ. నడువ వీలులేని చోట కొనువాడు నిలువడు.

ఇంతకును నియమము లేనిచోట నడచునదేమి? ఆశీలు. రోజువారీ ఆశీలు వసూలుచేయు హక్కును పురపాలక సంఘము వేలమువేయును; పాటదారు తాను కట్టిన పాటకు రెండింతలు రాబట్టుకొనజూచును. బండికింత, గంపకింత అని పట్టికలో నున్నదొకటి, చేతినుండి గుంజునది యొకటి. రసీదడిగినవానికి మరునాడు ఆ చోట నిలుచు భాగ్యముండదు. దానిమీద కానిస్టేబులు మామూలు వేరు. బోర్డు కట్టుకొన్నందుకు, గంట కొట్టినందుకు, పండుగపూట రెండు దీపములు ఎక్కువ పెట్టినందుకు ప్రత్యేకపు మామూలు. వ్రాతలో నియమము లేనంతకాలము ప్రతి గంటమ్రోతకు ఒక వెల యుండును. ఆ వెల సర్కారు ఖజానాకు చేరదు. వీధివర్తకునివలన ఆదాయము లేదని కౌన్సిలు సమావేశములలో వాపోవు సభ్యులు, అతడు దినదినము చెల్లించుచున్నది ఎక్కడికి పోవుచున్నదో ముందుగ కనుగొనవలెను.

2024 జనవరి మాసాంతమున హైదరాబాదులోని మాదాపురమున జరిగినది పాఠకులకు జ్ఞాపకముండును. రోడ్డుప్రక్క భోజనము వడ్డించు ఒకామె బండి, ఆమె ఒక్క పైసా ఖర్చుపెట్టకయే, ఎవరెవరో సెల్‌ఫోనులతో తీసిన చిత్రములవలన దేశప్రసిద్ధమైనది. జనము క్రిక్కిరిసి వాహనములు నిలిచిపోవుచున్నవని పోలీసులు బండిని కదలింపబూనిరి. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు కలుగజేసికొని ఆ నిర్ణయమును మార్పించిరి. ఆమె ఆ చోటనే వ్యాపారము సాగించినది. ముఖ్యమంత్రిగారి దయను మేము తక్కువచేయము. కాని ఆమె ఉన్నచోటు వర్తకమునకు తగినదైనచో పోలీసులు కదలింపరాదు. తగనిదైనచో ముప్పదిదినముల నోటీసుతో వేరుచోటు చూపవలెను. రెండింటిని నిర్ణయింపవలసినది 2014 చట్టము చెప్పిన పట్టణ వర్తకసంఘము. ఆ సంఘము ఆ వారము దినములలో ఎవరికిని జ్ఞాపకమే రాలేదు! పేరుపొందినవారికి ముఖ్యమంత్రి గలరు. అదే వీధిలో పేరులేని ఇడ్లీబండివారికి ఎవరు గలరు?

కాబట్టి మన పట్టణములలోని పురపాలక సంఘములు వెంటనే చేయదగిన పని యొకటి మాకు తోచుచున్నది. దీనికి కొత్తచట్టము అక్కరలేదు, ధనమంతకంటె అక్కరలేదు. పట్టణ వర్తకసంఘమును ఎన్నికలతో నిజముగ ఏర్పరచి, వీధిలో వర్తకప్రకటనను గూర్చిన నిబంధనలను ఒక్క పుటలో వ్రాయింపవలెను. మైకులేని కేకకు, చేతిగంటకు అనుమతిగాని రుసుముగాని అక్కరలేదని అందు మొదటిమాటగ నుండవలెను. బండివెడల్పు దాటని పలకపై వర్తకుని పేరు, సరకు, ధర వ్రాసికొనుటకు ధ్రువపత్రమే అనుమతిగ చాలవలెను. నేలమీద నిలిపి నడచువారికి తగులు బోర్డును ఒప్పుకొనరాదు. మైకు వాడదలచినవారికి వార్డుకింత వేళ యని, ఉదయము తొమ్మిదికి ముందు, మధ్యాహ్నము నిద్రవేళ, సంధ్య దాటిన తరువాత వలదని కట్టుచేసి, అనుమతిని పోలీసుస్టేషనుకు తిరుగనక్కరలేక వార్డు కచేరీలోనే ఇప్పింపవలెను. బడి, ఆసుపత్రి దగ్గర మైకు ఆపవలెను. ఇందులో దయాదాక్షిణ్యములు కూడవు. బండిమీద తన పేరు వేయించుకొను కంపెనీ మునిసిపాలిటీకి రుసుమును, వర్తకునికి అద్దెను చెల్లింపవలెను. తప్పుచేసినవానికి మొదటిమారు హెచ్చరిక, తరువాత రసీదుతో జరిమానా.

ఇవి మాకు తోచినవి మాత్రమే. చిన్నపట్టణమున సంతరోజుకు వేరునియమము కావచ్చును. తిరునాళ్ళకు, రంజాను రాత్రులకు, సంక్రాంతి ముందువారమునకు వేళలు సడలింపవలసి రావచ్చును. స్థానికులు కూర్చుండి తేల్చుకొనుటకే కదా ఆ సంఘమున నూటికి నలుబదిమంది వర్తకులను కూర్చుండబెట్టుమని చట్టము చెప్పినది. వారిని నామమాత్రముగ కాగితముపై చేర్చి సంతకములు గుంజుకొని పంపినచో ఈ నిబంధనలు కూడ మునుపటి నోటిమాటలవలెనే యగును.

పఠనాలయములలో ఈ పత్రికను చదువు పట్టణవాసులకు ఒక మనవి. ఉదయము ఆరోగ్యమునకై నడకకు పోవునపుడు కాలిబాటమీద బండ్లు అడ్డమని విసుగుకొనువారమును మనమే. సాయంకాలము అదే బండియొద్ద రెండురూపాయలకై గీచిగీచి బేరమాడువారమును మనమే. పెద్దదుకాణమున అచ్చువేసిన ధరకు నోరెత్తకుండ చెల్లించువారమును మనమే. మీ వార్డు కౌన్సిలరు ఈసారి కనబడినపుడు మూడు ప్రశ్నలు వేయుడు. మన పట్టణమున వర్తకుల లెక్క కడపట ఎప్పుడు జరిగినది? సంఘమున ఎన్నికైన వర్తకులెవరు? ఆశీలు రేట్ల పట్టిక ఎక్కడ వ్రేలాడుచున్నది? మొదటి రెండింటికి వారు ఫైళ్ళు వెదకవలసియుండునేమో గాని, మూడవదానికి వెదకులాట లేదు. ఆ పట్టికను, దానిప్రక్కనే ఈ నిబంధనల పుటను స్పష్టమైన తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయించి కచేరీగుమ్మమునను, ప్రతి కూరగాయల బజారు మొగదలను కట్టించుటకు ఎన్నిదినములు పట్టునో కమీషనర్లు తెలియజేసినచో ప్రకటించుటకు మా పత్రికలో స్థలము గలదు. దానికి రుసుమేమియు తీసికొనము.